పుచ్చుకున్నవారి సంతకం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ సిల్వియా చెబుతుంది, మా అమ్మాయి ఏంజెలీనా చెబుతుంది, కోర్టు ఆవరణలో నా టేబుల్ పక్కన జిరాక్స్ మిషన్ పెట్టుకున్న వాసుదేవ్ రోజుకు రెండుసార్లు చెబుతాడు. ముప్పై నాలుగేళ్ళుగా పోర్ట్‌బ్లెయిర్‌లో దస్తావేజులు రాస్తున్నవాడికి కోపం లేకపోతే వింతగాని, ఉంటే ఏమిటి వింత? ఊరి పేరు మారింది. కాగితం మీద శ్రీ విజయపురం అని టైపు చేస్తాను, నోటితో మాత్రం పోర్ట్‌బ్లెయిర్ అనే అంటాను. నా దగ్గరికి వచ్చే మనుషులు మాత్రం మారలేదు. అన్నదమ్ములు అర మీటరు గోడ కోసం తిట్టుకుంటూ వస్తారు. గిఫ్ట్ డీడ్ రాయమని వచ్చే తండ్రుల మొహాలు చూస్తే చాలు, పక్కనున్న కొడుకు జబ్బ పట్టుకుని తీసుకొచ్చాడని తెలిసిపోతుంది. అయినా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా అని టైపు చేసేది నేనే.

అందుకే మా అక్క ప్రేమావతి జూన్ నెలలో ఒక ఉదయం గొడుగు దులుపుకుంటూ వచ్చి, నా ఎదుట స్టూలు మీద కూర్చుని, "లాజరూ, గిఫ్ట్ డీడ్ ఒకటి రాయాలి రా" అన్నప్పుడు నాకు లోపల సంతోషమే వేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. అక్కకి పిల్లల్లేరు. బావ యేసురాజు ఓడల్లో ఇంజను గదిలో పనిచేసి, రిటైరయ్యాక ఎంతోకాలం బతకలేదు. ఆస్టినాబాద్‌లో వాళ్ళు కట్టుకున్న ఇల్లు అక్క పేరున ఉంది. ఆవిడకి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ కాగితమూ రాయకుండా ఆవిడ పోయినా ఆ ఇల్లు వచ్చేది నాకే. నేనేమో షాదీపూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఊళ్ళోవాళ్ళందరి ఇళ్ళకీ కాగితాలు రాసిపెట్టిన నాకు నాదంటూ ఒక గోడ లేదు.

ఆ ఇల్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాలుగు వందల చదరపు మీటర్ల వాలు నేల, నాలుగు గదులు, రేకు కప్పు, చుట్టూ పోకచెట్లు, కొబ్బరి, ఒక పనస. వాన వెలిస్తే రెండు కొండల సందులోంచి జానెడు సముద్రం కనిపిస్తుంది. ఏంజెలీనా స్కూటర్లు అద్దెకిచ్చే చోట పనిచేస్తుంది కాబట్టి టూరిస్టుల సంగతి దానికి బాగా తెలుసు. ఆ జానెడు సముద్రం చాలు నాన్నా, హోమ్‌స్టే పెట్టేద్దాం అని ఎప్పట్నుంచో అంటోంది. మంచాలకి దుప్పట్లు ఏ రంగువి కొనాలో కూడా తల్లీకూతుళ్ళు తేల్చుకున్నారు. మీ అత్త బతికుండగా ఇవేం మాటలని కసిరేవాణ్ణిగాని, నీలం రంగైతే మురికి కనపడదని సలహా ఇచ్చింది నేనే.

"ఎవరి పేరున రాయాలక్కా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"గోపినాథ్ గారి వాళ్ళ పేరున."

పక్కన వాసుదేవ్ జిరాక్స్ మిషన్ ఆపేశాడు, బాగా వినపడ్డానికి.

గోపినాథ్ అంటే ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. బతు బస్తీలో రెండు గదులు అద్దెకి తీసుకుని, మజిలీ అని ఒక ట్రస్టు పేరు పెట్టి, బయటి దీవుల నుంచి వైద్యానికి వచ్చినవాళ్ళకి ఉచితంగా చోటిస్తుంటాడు. ఆ గదులు కూలగొట్టి కొత్తవి కట్టుకుంటాను, ఏడాది ఆఖరుకి ఖాళీ చెయ్యండి అని వాటి యజమాని చెప్పేశాడట. ఇదంతా చెబుతున్నప్పుడు అక్క మొహం, ఖాళీ చెయ్యమన్నది తననే అన్నట్టుంది.

"నీకెందుకక్కా ఈ గొడవ?" అన్నాను.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు వార్డులో ఆయాగా చేశాను రా. డిశ్చార్జి రాయడం డాక్టరు పని. షిప్పు రావడం సముద్రం పని. ఈ రెండింటికీ మధ్యన మనిషి ఎక్కడ తొంగుంటాడు, చెప్పు? కుట్లు ఆరని బాలింతని మంచం మీంచి లేపీసి, నీ బెడ్డు అయిపోయిందమ్మా, ఎల్లు అని చెప్పిందాన్ని నేనే. ఎక్కడికెల్తాది? కార్ నికోబార్ షిప్పు అప్పటికి ఇంకా తొమ్మిది రోజులుంది."

నేను తెలివిగా ఒక దారి చూపించాను. "అయితే వీలునామా రాద్దాం. నీ తరవాత వాళ్ళకి చెందుతుందని. గిఫ్ట్ డీడ్ అంటే ఇవాళే చెయ్యి దాటిపోతుంది." వీలునామా అయితే రేపు మార్చుకోవచ్చు, ఎల్లుండి చింపెయ్యవచ్చు, ఆవిడ పోయాక కోర్టుకి ఎక్కవచ్చు. ఇవి మాత్రం ఆవిడతో అనలేదు.

అక్క నన్ను చిన్నప్పుడు అబద్ధమాడితే చూసినట్టే చూసింది. "నేను పోయాక ఆ ఇల్లు నాకెందుకు రా? అక్కర్లేనిది ఇవ్వడం ఏటి గొప్ప? నాకు కావలసినప్పుడే ఇయ్యాల. ముందుగది, వంటిల్లు నేనున్నన్నాళ్ళు నావి. వెనకాల మూడు గదులూ కాగితం రాసిన రోజు నుంచే వాళ్ళవి. నేను పోయాక మొత్తం వాళ్ళదే. అలాగ రాయొచ్చా, రాయకూడదా?"

"రాయొచ్చు."

"అయితే రాయి. ఇంకెవరి చేతా రాయించను."

ఇంటికి వెళ్ళి చెబితే సిల్వియా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ఇచ్చేసింది నేనే అయినట్టు. ఏంజెలీనా మాత్రం, "అత్త మంచిదే నాన్నా, మనమే మంచివాళ్ళం కాదు" అని నవ్వేసి, స్కూటరెక్కి పనిలోకి పోయింది. ఆ నవ్వు నాకు సిల్వియా మౌనం కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మా దీవుల్లో భూమి చేతులు మారాలంటే ముందు సర్కారు పర్మిషన్ కావాలి. దరఖాస్తుతో పాటు స్థలం కొలతల నక్షా జతచెయ్యాలి కాబట్టి జూలైలో ఒక రోజు టేపు, ఫైలు పట్టుకుని ఆస్టినాబాద్ వెళ్ళాను. వెనక వరండాలో ఎవరో ముసలావిడ కూర్చుని అక్క పెరటి బొబ్బర్లు ఒలుస్తోంది. పక్కనే మంచం మీద ఆవిడ మొగుడు, కాలికి ఇనప కడ్డీలు బిగించి ఉన్నాయి. నా చేతిలో ఫైలు చూసి ఆవిడ గభాల్న లేచింది.

"బాబూ, క్యాంబెల్ బే షిప్పు ఎప్పుడు?"

"నేను షిప్పింగు ఆఫీసు మనిషిని కాదమ్మా" అని కసిరాను.

"పోనీలే బాబూ" అని కూర్చుంది. గోడ కొలుస్తూ మూడుసార్లు ఆవిడ ముందునుంచి వెళ్ళాను. మూడోసారి మళ్ళీ లేచి, "ఫైలున్నోళ్ళకి తెలుస్తాదని అడిగాను, ఏటనుకోకండి" అంది. ఆవిడ పేరు యర్రమ్మ అనీ, కొండ మీంచి జారిన మొగుణ్ణి తీసుకొచ్చి నెల దాటిందనీ, డిశ్చార్జి అయి పద్నాలుగు రోజులైందనీ, సముద్రం పొంగి రెండుసార్లు ఓడ ఆగిపోయిందనీ అక్క చెప్పింది. మజిలీ గదులు నిండిపోతే గోపినాథ్ ఇలాంటివాళ్ళని అక్క దగ్గరికి పంపుతాడట. ఎన్నాళ్ళుగా పంపుతున్నాడో నాకు తెలియదు. నేను అక్క ఇంటికి క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ వెళ్ళేవాణ్ణి, అదీ ముందుగది దాకా.

మనసు కరిగిందా అంటే కరిగింది. షాదీపూర్ చేరి, ఇంటాయన అద్దె పెంచుతానన్న మాట సిల్వియా నోట వినేసరికి మళ్ళీ గడ్డకట్టింది. పద్నాలుగు రోజులకి యర్రమ్మకి ఇల్లు కావాలి సరే, అరవై దాటాక నాకు అక్కర్లేదా?

నవంబరు మొదటి ఆదివారం మా గుళ్ళో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ రోజు తెలుగు సంఘంలో అందరూ తమ పెరట్లో పండింది తెచ్చి బల్ల మీద పెడతారు. కొబ్బరికాయలు, అరటిగెల, కంద, కోడి, ఎవరికి ఏదుంటే అది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలంలో పాడుకున్నవాడు ఆ వస్తువు ఇంటికి తీసుకుపోవచ్చు, ఎవరూ అడ్డుపెట్టరు. కాని పరువున్నవాడు తీసుకుపోడు. డబ్బు కట్టి, వస్తువుని మళ్ళీ బల్ల మీదే పెడతాడు. అది మళ్ళీ వేలానికి వస్తుంది. ఒక్క కోడి ఏడెనిమిది చేతులు మారి, అన్నిసార్లూ దేవుడికే దక్కుతుంది. చిన్నప్పుడు నాకది గొప్పగా ఉండేది. ఆ కోడికి ఎలా ఉండేదో తెలీదు.

ఆ ఏడు అక్క ఒక ఎర్రటి పుంజుని తెచ్చింది. సంఘ కార్యదర్శి యేసు కుమార్‌కి వేలం పాడడంలో మంచి గొంతుంది. పుంజుని ఎత్తి పట్టుకుని, "ప్రేమావతమ్మ గారి పుంజు. ఇల్లే ఇచ్చేస్తున్న చెయ్యి ఇది!" అన్నాడు. గుడంతా నావైపు తిరిగింది. నావైపే ఎందుకు తిరగాలి? ఒళ్ళు మండింది. పుంజుని నలుగురు పాడుకున్నారు, నాలుగుసార్లూ బల్లకి వెనక్కి వచ్చింది. అయిదోసారి నేను లేచి, ఎవరూ పైకి వెళ్ళలేనంత పాట పాడాను. యేసు కుమార్ మురిసిపోయి, పుంజుని నాకిచ్చి, నేను తిరిగిస్తానని చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. నేను దాన్ని చంకలో పెట్టుకుని తలుపులోంచి బయటికి నడిచాను.

వెనక గుసగుసలు వినిపించాయి. సిల్వియా తల పైకెత్తలేదు. గేటు దగ్గర అక్క నన్ను అందుకుంది. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"మంచి పని చేశావు రా. ఎవడో ఒకడు పుచ్చుకోవాల కదా! లేపోతే అది సచ్చేదాకా బల్ల మీదే తిరుగుతాది. ఇయ్యడం అందరూ ఇస్తారు, పుచ్చుకునేవోడికే సిగ్గు. కూర నాకూ పంపు, కాస్త కారం తగ్గించి."

కూర పంపాను. పంపానుగాని, ఆ నవ్వు నన్ను ఇంకా రెచ్చగొట్టింది. తెలిసి నవ్విందా, తెలియక నవ్విందా అని రెండు వారాలు ఆలోచించాను. ఆ రెండు వారాల చివర పర్మిషన్ కాగితం వచ్చింది. సోమవారం పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుని డీడు టైపు చేశాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంతవరకు సిల్వియాకి కూడా చెప్పలేదు. చట్టంలో ఒక సంగతుంది. దానం ఇచ్చేవాళ్ళు ఇచ్చాను అంటే సరిపోదు. వాళ్ళు బతికుండగానే పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకున్నాం అనాలి. అందుకని ప్రతి గిఫ్ట్ డీడులోనూ చివర ఒక పేరా ఉంటుంది, కింద పుచ్చుకున్నవారి సంతకం ఉంటుంది. ఆ పేరా నేను టైపు చెయ్యలేదు. మరిచిపోయి కాదు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారీ మరిచిపోలేదు. అది లేని కాగితం అక్క పోయాక కోర్టులో నిలబడదని నేను వాదించవచ్చు. గెలుస్తానో లేదో తరువాతి మాట, పేచీ పెట్టడానికి చాలు. పేచీ పడ్డ ఇల్లు రోగులకి ఎవరిస్తారు? గోపినాథ్ లాంటి మెత్తటివాడు కోర్టు మెట్లెక్కలేడు. ఇదంతా నేను పావుగంటలో ఆలోచించేశాను. నా వృత్తిలో మంచి చేసినవాళ్ళ కాగితాలు తక్కువగాని, చెడగొట్టే కాగితాలు కంఠతా వచ్చు.

మంగళవారం ఆ ఇంగ్లీషు కాగితాలు అక్కకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తన పేరు ఉన్న చోటల్లా వేలితో తడిమి, "ఇందులో ఏటుందో నాకేటి తెలుస్తాది? తెలుగులో కూడా ఒకటి రాసియ్యి. బైబిల్లో పెట్టుకుని చదువుకుంటాను" అంది.

"ఏంజెలీనాతో చెప్తాను, రాస్తుంది."

"దానికి తెలుగు మాటాడ్డమేగాని రాయడం ఎక్కడొచ్చు? అన్నీ ఫోన్లో ఇంగ్లీషు అచ్చరాలు. నువ్వే రాయి. అచ్చు అదే రాయాల, ఒక్క ముక్క తగ్గకూడదు."

ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనం చేసి, తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బయట వాన. నేను తెలుగులో కలం పట్టి ఎన్నేళ్ళైందో గుర్తు లేదు. ఆంధ్రాలో దస్తావేజులకి ఏదో పెద్ద తెలుగు ఉంటుందట, ఇక్కడ పుట్టి పెరిగిన నాకు అది తెలియదు. నాకు తెలిసిన తెలుగు రెండే. బైబిల్లో చదివేది, ఇంట్లో మాట్లాడేది. ఇంగ్లీషులో అయితే ఒకదానికొకటి అతుక్కున్న పెద్ద పెద్ద మాటలు వాటంతటవే వచ్చేస్తాయి, వాటి వెనక మనిషి కనపడడు. ఇక్కడ మొదటి వాక్యం రాయడానికే తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అక్క మాట్లాడినట్టే రాయడం మొదలుపెట్టాను.

ప్రేమావతి అనే నేను, ఆస్టినాబాద్‌లో నా ఇంట్లో ఉంటూ, తెలివితో, ఇష్టంతో రాయిస్తున్నది. ఈ ఇల్లు నేనూ నా భర్తా కలిసి కట్టుకున్నాం. ఇది ఆసుపత్రికి వచ్చి ఓడ కోసం కాచుకుని ఉండే మనుషుల కోసం ఇస్తున్నాను. నేనున్నంతకాలం ముందుగదిలో ఉంటాను, వంటింట్లో వండుకుంటాను. మిగతాది ఈ రోజు నుంచే వాళ్ళది. నా మీద ఎవరూ ఒత్తిడి పెట్టలేదు.

ఒత్తిడి పెట్టలేదు అని రాసి ఆగాను. అంతకుముందు వేలసార్లు టైపు చేసిన మాట. మొదటిసారి అది నిజం. ఆ మాట నా చేతి రాతలో మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళలో నేను రాసిన కాగితాల్లో ఇలాంటిది ఒక్కటంటే ఒక్కటి వచ్చింది, అది మా అక్కది, దాన్ని నేను పాడు చేశాను.

తరువాత ఏం రాయాలి? ఇంగ్లీషు కాగితంలో ఇక సాక్షుల పేర్లే. కాని తెలుగులో ఇస్తున్నాను అని రాసి అక్కడితో ఆపేస్తే, అక్క చెయ్యి చాచి నిలబడిపోయినట్టుంది, ఎదుట ఎవరూ లేనట్టు. రెండు నిమిషాలు చూశాను. ఆ తరువాత రాశాను. మజిలీ వాళ్ళు ఈ ఇంటిని సంతోషంతో పుచ్చుకున్నారు. ఇక నుంచి దీన్ని రోగుల కోసమే వాడతారు.

రాసిన వెంటనే లాప్‌టాప్ తెరిచి ఇంగ్లీషు కాగితంలో పేరా చేర్చాను. మళ్ళీ మనసు మారుతుందేమోనని భయపడి గబగబా టైపు చేశాను. మజిలీ తరఫున సంతకం పెట్టేవారి పేరు దగ్గర ఖాళీ వచ్చింది. గోపినాథ్‌కి ఫోన్ చేశాను.

"మీ వాళ్ళ తరఫున ఎవరు సంతకం పెడతారు సార్? పేరు కావాలి."

"అరె లాజరస్ భయ్యా, నన్నడుగుతారేంటి? మీ పేరే కదా!"

"నా పేరేంటి?"

"దీదీ చెప్పలేదా? ఇల్లు ఇవ్వడానికి ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. మా తమ్ముణ్ణి మీ కమిటీలో చేర్చుకోండి, పుచ్చుకునే సంతకం వాడిదే ఉండాలి అంది. జూలైలోనే తీర్మానం రాసేశాం. మీ ఒప్పుదల తనే తెస్తానని, మీకు తనే చెబుతానని అంది."

"నేనెందుకట?"

గోపినాథ్ నవ్వాడు. "మేమూ అదే అడిగాం భయ్యా, ఏమనుకోకండి. మావాడికి కాగితాల్లో ఉండే మోసాలన్నీ తెలుసు, పైగా కోపిష్టి, వాడుండగా ఆ ఇంటి మీద ఎవడూ చెయ్యి వెయ్యలేడు అంది."

ఫోన్ పెట్టేశాను. సిల్వియా వచ్చి ఏమైందని అడిగితే, కళ్ళజోడు మార్చాలి, అక్షరాలు కనపడ్డం లేదు అన్నాను. జూలై అంటే నేను టేపు పట్టుకుని ఆ గోడలు కొలిచిన నెల. ఆ ఇంటి మీద చెయ్యి వెయ్యగల మనిషి ఈ దీవుల్లో ఒక్కడే ఉన్నాడు, కాపలాకి ఆవిడ వాణ్ణే ఎంచుకుంది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. అదే సమయంలో, చెబితే నవ్వుతారు, అంత గర్వమూ ఎప్పుడూ కలగలేదు.

మంగళవారం రిజిస్ట్రేషన్. బావ కొనిపెట్టిన తెల్ల చీర కట్టుకుని, అక్క అరగంట ముందే వచ్చి కూర్చుంది. గోపినాథ్, వాసుదేవ్ సాక్షులు. అక్క వేలిముద్ర వేస్తానంటే నేను ఒప్పుకోలేదు, నీకు రాయడం వచ్చు, పూర్తి పేరు రాయి అన్నాను. నోరంతా కదుపుతూ ఒక్కొక్క అక్షరమే రాసింది.

ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసి, "లేనే వాలా కౌన్ హై?" అంది.

నేను చెయ్యి ఎత్తాను. ఆవిడ నన్ను రోజూ చూస్తుంది. "అరె, రాసేదీ మీరే, తీసుకునేదీ మీరేనా లాజరస్ జీ?" అని నవ్వి, పద్ధతి ప్రకారం అడగవలసింది అడిగింది. ట్రస్టు తరఫున ఈ ఇల్లు మీకు మంజూరేనా?

"మంజూర్ హై" అన్నాను. వేలమంది చేత ఆ చోట సంతకం పెట్టించినవాణ్ణి, నా సంతకం గీత దాటి పక్కకి పోయింది.

బయటికి వచ్చాక గోపినాథ్ ఆటో పిలుస్తానని వెళ్ళాడు. అక్కా నేనూ టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ రస్కు టీలో ముంచుకుని తింటోంది. ఇక మోయలేకపోయాను.

"అక్కా, నేను కిందటి సోమవారం రాసిన కాగితంలో పుచ్చుకున్న పేరా లేదు. కావాలనే వదిలేశాను. నువ్వు పోయాక ఆ ఇల్లు నాకు రావాలని. ఆదివారం నీకు తెలుగులో రాస్తూ మళ్ళీ పెట్టాను."

అక్క రస్కు నమలడం ఆపింది. నావైపు చూడలేదు. రోడ్డు మీద వెళుతున్న బస్సు వైపు చూసింది.

"ఎన్ని రోజులు రా?"

"ఏంటి?"

"ఆ పేరా లేకుండా ఎన్ని రోజులున్నావు?"

"సోమవారం నుంచి ఆదివారం దాకా. ఆరు రోజులు."

"ఆరు రోజులు" అంది అక్క. గ్లాసు బెంచీ మీద పెట్టింది. "మీ బావ పోయిన వారమే మొక్కుకున్నాను రా, ఈ ఇల్లు రోగులకి ఇచ్చీస్తానని. తొమ్మిదేళ్ళైంది. ఎన్నిసార్లు పెట్టెలోంచి కాగితాలు తీశానో, ఎన్నిసార్లు మళ్ళీ పెట్టీసానో. ఈ ఏడు కప్పు బాగు చేయించాల అనుకున్నాను, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాను. తొమ్మిదేళ్ళు నాలుగు గదుల్లో ఒక్కదాన్నే తొంగున్నాను. ఒకరినో ఇద్దరినో వరండాలో ఉంచుకుని, అదే పెద్ద పుణ్యం అనుకున్నాను. ఆస్పత్రి మెట్ల మీద ఎంతమంది తొంగున్నారో నాకు తెలీదేటి? రోజూ చూశాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు ఆరు రోజులకే ఇచ్చీసావు. నాకంటే నువ్వే నయం" అని, చెంగుతో మొహం తుడుచుకుని, ఆటో వచ్చిందేమో చూడమంది.